ప్రత్యామ్నాయ విశ్వ సిద్ధాంతాలు - అంతరిక్ష ప్రయోగాలు

విశ్వం పుట్టుకను, గతిని మహావిస్ఫోటన సిద్ధాంతానికి భిన్నంగా వివరించే సిద్ధాంతాలను ప్రత్యామ్నాయ విశ్వ సిద్ధాంతాలు అంటారు. ఈనాడు శాస్త్రజ్ఞులలో అత్యధికులు అంగీకరించిన మహావిస్ఫోటన సిద్ధాంతం ప్రకారం విశ్వం సుమారు 1380 కోట్ల సంవత్సరాల క్రితం అతి వేడిగా, అతి సాంద్రంగా ఉన్న స్థితి నుండి వ్యాపించడం మొదలుపెట్టింది. దీనిని కాదన్న సిద్ధాంతాలలో స్థిరస్థితి సిద్ధాంతం ముఖ్యమైనది. గురుత్వాకర్షణ నియమాన్నే సవరించిన మాండ్ సిద్ధాంతం, విశ్వం మళ్ళీ మళ్ళీ వ్యాకోచ సంకోచాలు చెందుతుందనే చక్రీయ సిద్ధాంతం కూడా ఈ కోవలో చెప్పుకోదగినవి.

ఈ సిద్ధాంతాలు కాగితం మీద లెక్కలుగానే మిగిలిపోలేదు. ఏ ఉపగ్రహాన్ని పంపాలి, అందులో ఏ పరికరం అమర్చాలి, దేనికోసం వెదకాలి అన్న నిర్ణయాలను ఇవి పలుమార్లు ప్రభావితం చేశాయి. 1961లో ఎగిరిన మొట్టమొదటి గామా కిరణ ఉపగ్రహం ఫలితాలు స్థిరస్థితి సిద్ధాంతానికి ఒక పరీక్ష అయ్యాయి. 2001, 2005 సంవత్సరాలలో హైదరాబాదు నుండి ఎగిరిన బెలూన్ల వెనుక కూడా ఆ సిద్ధాంతకర్తల ఆలోచనే ఉంది.

స్థిరస్థితి సిద్ధాంతం

1948లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ కలిసి ఒక పత్రాన్ని, ఫ్రెడ్ హాయిల్ విడిగా మరొక పత్రాన్ని ప్రచురించారు. విశ్వం వ్యాపిస్తున్న మాట నిజమే కాని దానికి ఆది లేదు, అంతం లేదు అన్నది వారి వాదం. గెలాక్సీలు దూరమవుతున్న కొద్దీ ఏర్పడే ఖాళీలో కొత్త పదార్థం నిరంతరం పుడుతూ ఉంటుంది కనుక విశ్వం ఎప్పుడు చూసినా ఒకేలా కనిపిస్తుంది. ఇందుకు కావలసిన కొత్త పదార్థం ఎంతో కాదు. ఒక ఘనపు మీటరు చోటులో సుమారు వంద కోట్ల సంవత్సరాలకు ఒక ఉదజని పరమాణువు పుడితే చాలు. ఇంత స్వల్పమైన సృష్టిని ఏ ప్రయోగశాలలోనూ పట్టుకోలేము, కాదనీ అనలేము.

అప్పట్లో ఈ సిద్ధాంతానికి ఒక బలమైన కారణం ఉండేది. ఎడ్విన్ హబుల్ కొలతలను బట్టి లెక్క కడితే విశ్వం వయసు 200 కోట్ల సంవత్సరాలకు మించేది కాదు. భూమి మీది శిలల వయసు అంతకంటే ఎక్కువని అప్పటికే తెలుసు. తల్లి కంటే బిడ్డ పెద్దదన్నట్లు ఉన్న ఈ చిక్కు ఆది లేని విశ్వంలో తలెత్తదు. 1952లో వాల్టర్ బాడే గెలాక్సీల దూరాలను సవరించిన తరువాత ఈ చిక్కు క్రమంగా విడిపోయింది. 'బిగ్ బ్యాంగ్' అన్న పేరు పెట్టినది కూడా ఆ సిద్ధాంతాన్ని నమ్మని హాయిలే. 1949 మార్చిలో బీబీసీ రేడియో ప్రసంగంలో ఆయన వాడిన ఆ మాటే స్థిరపడిపోయింది.

స్థిరస్థితి సిద్ధాంతంలోని గొప్పదనం దాని ఖచ్చితత్వంలో ఉంది. విశ్వం అన్ని కాలాలలోనూ ఒకేలా ఉండాలి కనుక సుదూరంలో, అంటే సుదూర గతంలో, కొంచెం తేడా కనిపించినా సిద్ధాంతం కూలిపోతుంది. తప్పని తేల్చడానికి ఇంత సులువైన సిద్ధాంతం పరిశోధకులకు ఒక వరం వంటిది. 1950లలోను, 1961లోను కేంబ్రిడ్జికే చెందిన మార్టిన్ రైల్ రేడియో జనకాలను లెక్కించి, దూరాన ఉన్న మందమైన జనకాల సంఖ్య స్థిరస్థితి అంచనా కంటే ఎక్కువని చూపించారు. ఇది భూమి మీది దూరదర్శినుల పని. వాతావరణాన్ని దాటి చేయవలసిన పరీక్షలు ఆ తరువాత వచ్చాయి.

గామా కిరణాలు, ఎక్స్ కిరణాలు

కొత్త పదార్థం ఏ రూపంలో పుడుతుంది? పదార్థంతో బాటు అంతే మొత్తంలో ప్రతిపదార్థం కూడా పుడుతుందని అనుకుంటే, ఆ రెండూ ఎదురుపడి నశించినప్పుడు గామా కిరణాలు వెలువడాలి. అటువంటి కిరణాలు ఆకాశమంతటా విరివిగా ఉండాలి. అవి భూ వాతావరణాన్ని దాటి కిందికి రావు కనుక పరికరాన్నే పైకి పంపాలి.

1961 ఏప్రిల్ 27న అమెరికా ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్ 11 ఆ పని చేసిన తొలి ఉపగ్రహం. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన విలియం క్రాషార్, జార్జ్ క్లార్క్ దీని పరికరాన్ని రూపొందించారు. కోరిన దిక్కుకు తిప్పే సాధనాలు ఇందులో లేవు. ఉపగ్రహం పిల్లిమొగ్గలు వేస్తూ తిరుగుతుంటే పరికరం ఆకాశాన్ని గాలించింది. వేలాది విశ్వకిరణాల తాకిడి నుండి వేరు చేయగా మిగిలిన అసలైన గామా కిరణాలు 22 మాత్రమే. ఒక చిన్న తరగతిలోని పిల్లల సంఖ్య కంటే తక్కువైన ఈ లెక్క ఒక విశ్వ సిద్ధాంతపు శాఖను కొట్టివేయడానికి సరిపోయింది. పదార్థ ప్రతిపదార్థాలు సమానంగా పుడుతున్నట్లయితే కిరణాలు ఇంతకు ఎన్నో రెట్లు ఉండాలి.

గోల్డ్, హాయిల్ మరొక మార్గం సూచించి ఉన్నారు. పుట్టేవి న్యూట్రానులు కావచ్చునని, అవి విచ్ఛిత్తి చెందినప్పుడు వెలువడే శక్తి గెలాక్సీల మధ్యనున్న వాయువును వంద కోట్ల డిగ్రీల స్థాయికి వేడెక్కిస్తుందని వారి ఊహ. అంత వేడి వాయువు ఎక్స్ కిరణాలను వెదజల్లాలి. 1962 జూన్ 18న రికార్డో జాకోనీ బృందం న్యూ మెక్సికో నుండి ఒక చిన్న రాకెట్టును పంపింది. చంద్రుని మీద నుండి ఎక్స్ కిరణాలు వస్తాయేమో చూడడం దాని ఉద్దేశం. పైన సుమారు ఆరు నిమిషాలు పనిచేసిన ఆ పరికరం చంద్రుని సంగతి తేల్చలేదు కాని, సౌరకుటుంబం వెలుపల మొదటి ఎక్స్ కిరణ జనకాన్ని, ఆకాశమంతటా పరచుకొన్న ఎక్స్ కిరణ నేపథ్యాన్ని కనుగొన్నది. ఈ నేపథ్యం తీవ్రత వేడి విశ్వం అంచనాకు చాలా తక్కువని 1963లో రాబర్ట్ గూల్డ్, జెఫ్రీ బర్బిడ్జ్ లెక్కగట్టారు. ఈ బర్బిడ్జే ముప్పై ఏళ్ళ తరువాత హాయిల్‌తో చేయి కలిపి ఆ సిద్ధాంతాన్ని కొత్త రూపంలో నిలబెట్టాలని ప్రయత్నించడం గమనించదగ్గది. ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రానికి పునాది వేసినందుకు జాకోనీకి 2002లో నోబెల్ బహుమతి లభించింది.

నేపథ్య వికిరణం

స్థిరస్థితి సిద్ధాంతానికి పెద్ద దెబ్బ తగిలినది అంతరిక్ష సమాచార వ్యవస్థ కోసం కట్టిన యాంటెన్నా వల్లనే. 1960లో అమెరికా ఎకో 1 అనే 30 మీటర్ల వ్యాసం గల బెలూను ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది. దాని మీద తగిలి వెనక్కి వచ్చే రేడియో తరంగాలను అందుకోవడానికి బెల్ ప్రయోగశాలల వారు న్యూ జెర్సీలో కొమ్ము ఆకారంలో ఒక యాంటెన్నా నిర్మించారు. 1964లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ దానిని ఖగోళ పరిశీలనకు వాడుతుండగా అన్ని దిక్కుల నుండి సమానంగా వచ్చే ఒక రొద వినిపించింది. అందులో గూడు కట్టిన పావురాలను తరిమి, రెట్టలు కడిగినా రొద పోలేదు. ఇది విశ్వం తొలినాళ్ళ వేడి చల్లారగా మిగిలిన వికిరణమని 1965లో తేలింది. వారిద్దరికీ 1978లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే ఒకే తరంగదైర్ఘ్యం వద్ద తీసిన కొలత వల్ల వ్యాజ్యం తెగలేదు. ఈ వికిరణం ఒకే ఉష్ణోగ్రత గల ఆదర్శ కృష్ణవస్తువు నుండి వచ్చినట్లుగా అన్ని తరంగదైర్ఘ్యాలలోనూ ఉండాలని మహావిస్ఫోటన సిద్ధాంతం చెబుతుంది. అలా కాక నక్షత్రాల కాంతిని ధూళి పీల్చుకొని తిరిగి విడిచినదైతే ఆ వక్రరేఖలో వంకర కనిపించే అవకాశం ఉంది. 1987లో జపాను నుండి నగోయా, బర్క్‌లీ విశ్వవిద్యాలయాలు కలిసి పంపిన రాకెట్టు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ తరంగదైర్ఘ్యాల వద్ద అటువంటి అదనపు వికిరణమే ఉన్నట్లు చూపించింది. మహావిస్ఫోటనాన్ని శంకించేవారికి ఇది కొత్త ఊపిరి పోసింది.

నాసా వారి కోబీ ఉపగ్రహం అప్పటికి తయారవుతూ ఉంది. 1974లో జాన్ మాథర్ తదితరులు ప్రతిపాదించిన ఈ ఉపగ్రహాన్ని స్పేస్ షటిల్‌లో పంపాలని మొదట అనుకున్నారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ ప్రమాదం జరగడంతో ఆ దారి మూసుకుపోయింది. ఉపగ్రహాన్ని బరువు సగానికి తగ్గించి, మడతపెట్టి డెల్టా రాకెట్టులో ఇమిడేలా తిరిగి రూపొందించారు. 1989 నవంబరు 18న ప్రయోగం జరిగింది. రెండు నెలలు తిరగక ముందే, 1990 జనవరిలో, అమెరికా ఖగోళ సంఘం సమావేశంలో మాథర్ తొమ్మిది నిమిషాల పరిశీలనతో గీసిన వక్రరేఖను తెరపై చూపించారు. కొలిచిన చుక్కలన్నీ సిద్ధాంతం గీసిన గీత మీదనే ఉన్నాయి. సభలోని వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జపాను రాకెట్టు చూపిన అదనపు వికిరణం లేనే లేదు. ఆ తరువాత ఈ వికిరణం ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లని స్థిరపడింది. మాథర్‌కు, వికిరణంలో లక్షలో ఒక వంతు పాటి హెచ్చుతగ్గులను కనుగొన్న జార్జ్ స్మూట్‌కు 2006లో నోబెల్ బహుమతి లభించింది.

హాయిల్, నార్లికర్ - కొత్త రూపం

కొల్హాపూర్‌లో జన్మించిన జయంత్ విష్ణు నార్లికర్ (1938-2025) కేంబ్రిడ్జిలో హాయిల్ శిష్యుడు. గురుశిష్యులు 1964లో ఒక కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. భారతదేశానికి తిరిగి వచ్చిన నార్లికర్ 1988లో పుణెలో ఏర్పడిన ఖగోళ శాస్త్ర, ఖగోళ భౌతిక శాస్త్ర అంతర్విశ్వవిద్యాలయ కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకులయ్యారు. కోబీ ఫలితాల తరువాత కూడా వీరు వెనుకంజ వేయలేదు. 1993లో హాయిల్, బర్బిడ్జ్, నార్లికర్ కలిసి 'క్వాజీ స్టెడీ స్టేట్' అనే సవరించిన సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. దీని ప్రకారం విశ్వం దీర్ఘకాలంలో వ్యాపిస్తూనే సుమారు 5000 కోట్ల సంవత్సరాలకు ఒకసారి వ్యాకోచ సంకోచాల చక్రం పూర్తి చేస్తుంది. పదార్థం అక్కడక్కడ చిన్న చిన్న విస్ఫోటనాలలో పుడుతుంది. నక్షత్రాల కాంతిని సూక్ష్మమైన ఇనుప తీగెల వంటి రేణువులు పీల్చుకొని సూక్ష్మతరంగాలుగా మార్చడమే నేపథ్య వికిరణానికి మూలమని వీరు వాదించారు.

2001లో బయలుదేరిన డబ్ల్యుమ్యాప్, 2009లో బయలుదేరిన ప్లాంక్ ఉపగ్రహాలు నేపథ్య వికిరణంలోని హెచ్చుతగ్గులను సూక్ష్మంగా కొలిచాయి. ఆ కొలతలు మహావిస్ఫోటన సిద్ధాంతపు లెక్కతో చక్కగా సరిపోయాయి. ఇనుప రేణువుల వాదం ఆ నిశితత్వాన్ని అందుకోలేకపోయింది. న్యాయంగా చెప్పాలంటే ఒక విషయంలో మాత్రం స్థిరస్థితి వాదులు ముందున్నారు. విశ్వవ్యాప్తి వేగం పెరుగుతూ ఉండాలని వారి సిద్ధాంతం మొదటి నుండీ చెబుతూ వచ్చింది. దూరపు సూపర్‌నోవాల వలన ఆ సంగతి 1998లో బయటపడినప్పుడు మిగతావారందరూ ఆశ్చర్యపోయారు.

హైదరాబాదు బెలూను ప్రయోగాలు

విశ్వానికి ఆది లేకపోతే జీవానికి కూడా భూమి మీదనే ఆది ఉండనవసరం లేదు. జీవం పుట్టడానికి అనంతమైన కాలం, అనంతమైన చోటు దొరుకుతాయి. పుట్టిన జీవబీజాలు తోకచుక్కల ద్వారా గ్రహాలకు చేరవచ్చును. హాయిల్, శ్రీలంకలో జన్మించిన చంద్ర విక్రమసింఘె 1970లలో ఈ వాదాన్ని మొదలుపెట్టి విస్తృతంగా ప్రచారం చేశారు. ఈ వాదం నిజమైతే ఇప్పటికీ పైనుండి సూక్ష్మజీవులు రాలుతూ ఉండాలి. అలాంటప్పుడు జీవం కోసం కుజగ్రహం దాకా పోనక్కరలేదు, భూ వాతావరణం పై పొరలను గాలిస్తే చాలు. ఒక విశ్వ సిద్ధాంతం పరిశోధన దిశను ఎలా మార్చగలదో చెప్పడానికి ఇంతకంటే తేటయిన ఉదాహరణ దొరకదు.

ఇందుకు అనువైన చోటు హైదరాబాదులో ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ ఇక్కడ నడుపుతున్న బెలూను కేంద్రంలో పెద్ద పాలిథీన్ బెలూన్లను తయారు చేసి ఎగురవేస్తారు. ఇవి విమానాలు ఎగిరే ఎత్తుకు మూడు నాలుగు రెట్లు పైకి పోతాయి. పరికరాలు పారాచూట్‌తో తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతాలలో ఎక్కడో ఒకచోట దిగుతాయి. వాటిని ముట్టుకోకుండా వెంటనే కబురు చేయవలసిందిగా గ్రామస్థులను కోరుతూ ప్రయోగాలకు ముందు పత్రికలలో ప్రకటనలు వస్తుంటాయి.

నార్లికర్ నాయకత్వంలో, ఇస్రో తోడ్పాటుతో 2001 జనవరి 21న మొదటి బెలూను ఎగిరింది. 41 కిలోమీటర్ల ఎత్తు వరకు సేకరించిన గాలి నమూనాలలో జీవకణాలు ఉన్నట్లు కార్డిఫ్ విశ్వవిద్యాలయపు బృందం ప్రకటించింది. 2005 ఏప్రిల్ 20న రెండవ ప్రయోగం మరింత జాగ్రత్తతో జరిగింది. 459 కిలోల బరువు గల పరికరంలో 38 కిలోల ద్రవ నియాన్ నింపారు. అందులో మునిగి ఉన్న శుద్ధి చేసిన ఉక్కు గొట్టాలను ముందుగానే గాలి లేకుండా చేసి ఉంచారు. 20 నుండి 41 కిలోమీటర్ల మధ్య వివిధ ఎత్తులలో ఒక్కొక్క గొట్టం మూత తెరుచుకోగానే చలికి బయటి గాలి లోపలికి పీల్చబడి గడ్డకట్టుకుపోయేది. నమూనాలను హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం విడివిడిగా పరీక్షించాయి. ఒకరి పొరపాటు మరొకరికి అంటకుండా ఉండడానికే ఈ ఏర్పాటు.

మొత్తం 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతవరకు శాస్త్రానికి తెలియని జాతులు. హాయిల్ పేరిట జానిబాక్టర్ హోయ్‌లీ, ఇస్రో పేరిట బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞుని పేరిట బాసిల్లస్ ఆర్యభట అని వాటికి పేర్లు పెట్టి 2009 మార్చిలో ప్రకటించారు. ఇవి తమ దగ్గరి బంధువులైన జాతుల కంటే అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకోగలవు.

ఇవి అంతరిక్షం నుండి వచ్చాయా? ఫలితాలు ఆ సంగతిని నిర్ద్వంద్వంగా రుజువు చేయవని ఇస్రో తన ప్రకటనలోనే చెప్పింది. ఈ నిగ్రహం మెచ్చుకోదగినది. పత్రికలలో కొన్ని మాత్రం 'అంతరిక్ష జీవులు' అని శీర్షికలు పెట్టాయి. దొరికినవన్నీ భూమి మీది బాక్టీరియాలకు దగ్గరి చుట్టాలే. అగ్నిపర్వతాలు, తుఫానుల వంటివి సూక్ష్మజీవులను పైకి మోయగలవు. ఆ తరువాతి సంవత్సరాలలో ఆర్యభట బాక్టీరియా జాతి పంటపొలాల మట్టిలో, మొక్కల వేళ్ళ చుట్టూ కూడా దొరికింది. ఇప్పుడు దానిని ప్రీస్టియా అనే ప్రజాతిలో చేర్చి, మొక్కల పెరుగుదలకు తోడ్పడే బాక్టీరియాగా అధ్యయనం చేస్తున్నారు. అంతరిక్షంలో వెదకబోతే చేలో పనికొచ్చేది దొరికిందన్నమాట. 41 కిలోమీటర్ల ఎత్తున జీవకణాలు బ్రతికి ఉంటాయన్న వాస్తవం మాత్రం ఏ సిద్ధాంతంతోనూ నిమిత్తం లేకుండా నిలిచింది. కుజగ్రహానికి పంపే నౌకలను ఎంత శుభ్రం చేయాలి అన్న చర్చలో ఇటువంటి సమాచారానికి విలువ ఉంది.

గురుత్వాకర్షణను సవరించిన సిద్ధాంతాలు

గెలాక్సీల అంచులలోని నక్షత్రాలు లెక్కకు మించిన వేగంతో తిరుగుతాయి. కంటికి కనిపించని కృష్ణ పదార్థం ఇందుకు కారణమని ఎక్కువమంది అభిప్రాయం. 1983లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు మోర్దెహాయ్ మిల్‌గ్రోమ్ కృష్ణ పదార్థం అక్కరలేదని, త్వరణం అతి స్వల్పమైనప్పుడు న్యూటన్ నియమమే మారుతుందని ప్రతిపాదించాడు. ఆ హద్దు సెకనుకు సెకనుకు ఒక మీటరులో వెయ్యి కోట్ల వంతు కంటే కొద్దిగా ఎక్కువ. దీనిని మాండ్ సిద్ధాంతం అంటారు.

1972, 1973లలో బయలుదేరిన పయొనీర్ 10, 11 నౌకలు సౌరకుటుంబం అంచులు దాటుతూ ఇంచుమించు ఆ స్థాయి త్వరణంతోనే సూర్యుని వైపు వెనక్కి లాగబడుతున్నట్లు 1998లో ప్రచురితమైంది. కొత్త భౌతికశాస్త్రం దొరికిందని చాలామంది ఆశపడ్డారు. దీనిని తేల్చడానికే ప్రత్యేకంగా ఒక నౌకను పంపాలన్న ప్రతిపాదనలు వచ్చాయి. ఆ ఖర్చు పెట్టే ముందు స్లావా తురిషెవ్ తదితరులు పాత టేపులలోని సమాచారాన్ని వెదికి వెలికితీశారు. నౌకలోని అణు విద్యుత్ జనకాల వేడి అన్ని వైపులకూ సమానంగా వెలువడక పోవడమే ఈ లాగుడుకు కారణమని 2012లో తేల్చారు. కొత్త నౌక చేయవలసిన పనిని పాత టేపులు చేశాయి.

భూమికి సుమారు 2,59,000 కిలోమీటర్ల దూరాన, సూర్యుని వైపు, సూర్యుని ఆకర్షణ భూమి ఆకర్షణ ఒకదానినొకటి రద్దు చేసుకొనే బిందువు ఒకటి ఉంది. మాండ్ నిజమైతే దాని ప్రభావం అక్కడ కనిపించాలని 2006లో బెకెన్‌స్టయిన్, మగెయిజో సూచించారు. 2015 డిసెంబరులో ప్రయోగించిన ఐరోపా వారి లిసా పాత్‌ఫైండర్ నౌకను దాని అసలు పని పూర్తయ్యాక ఆ బిందువు గుండా పంపాలని అడిగారు. ఆ పర్యటన జరగలేదు. మిగిలిన కాలాన్ని గురుత్వ తరంగాల పరికరాన్ని మెరుగుపరచడానికే వాడి 2017లో నౌకను ఆపివేశారు. అదే సంవత్సరం ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు వెలువడిన గురుత్వ తరంగాలు, గామా కిరణాలు సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో భూమిని చేరాయి. ఈ రెండింటి వేగాలు వేరని చెప్పిన అనేక సవరణ సిద్ధాంతాలు, బెకెన్‌స్టయిన్ 2004లో ప్రతిపాదించిన మూల రూపంతో సహా, ఆ ఒక్క సంఘటనతో కొట్టుకుపోయాయి. గామా కిరణాలను పట్టినది 2008 నుండి తిరుగుతున్న ఫెర్మి ఉపగ్రహం. అది ఈ పనికోసం పంపినది కాదు.

నిధుల వివాదం

2004 మే నెలలో న్యూ సైంటిస్ట్ పత్రికలో ఒక బహిరంగ లేఖ వచ్చింది. బాండీ, గోల్డ్, నార్లికర్ సంతకాలు చేసినవారిలో ఉన్నారు. విశ్వ పరిశోధనకిచ్చే నిధులన్నీ మహావిస్ఫోటన సిద్ధాంతానికే పోతున్నాయని, నిధులు పంచే సంఘాలలో దాని సమర్థకులే ఉండడం వలన ప్రత్యామ్నాయాలకు పరీక్షే జరగడం లేదని వారి ఆరోపణ. ఎర్ర విస్థాపనం మీద భిన్నాభిప్రాయం ప్రకటించిన హాల్టన్ ఆర్ప్‌కు 1980లలో అమెరికాలోని పెద్ద దూరదర్శినుల మీద సమయం దొరకక జర్మనీ వెళ్ళిపోవడం వారు తరచు చూపే ఉదాహరణ.

ఈ ఫిర్యాదులో సగం నిజం ఉంది. పెద్ద ఉపగ్రహం తయారు కావడానికి పది పదిహేను సంవత్సరాలు, వందల కోట్ల డాలర్లు కావాలి. ఒక ప్రశ్నకు ఉపగ్రహం ఇస్తే మరొక ప్రశ్నకు లేనట్లే. కాని కోబీ ఉదాహరణ రెండవ వైపు చూపుతుంది. దాని పరికరం ఏ సిద్ధాంతానికీ అనుకూలంగా తయారైనది కాదు, వక్రరేఖ వంకరగా వచ్చి ఉంటే దానినే ప్రకటించి ఉండేవారు. పైగా కోబీ, డబ్ల్యుమ్యాప్, ప్లాంక్ సమాచారమంతా బహిరంగంగా అందుబాటులో ఉంది. ఎవరైనా తమ సిద్ధాంతాన్ని దానితో సరిచూసుకోవచ్చును.

తేలవలసిన ప్రశ్నలు

ప్లాంక్ కొలతల ప్రకారం హబుల్ స్థిరాంకం సుమారు 67, సమీప గెలాక్సీలను బట్టి కొలిస్తే సుమారు 73 వస్తున్నది. కృష్ణశక్తి కాలంతో బాటు బలహీనపడుతున్నదేమోనన్న సూచనలను అరిజోనాలోని డెసీ పరికరం 2024, 2025లలో వెలువరించింది. 2023 జూలై 1న ప్రయోగించిన ఐరోపా వారి యూక్లిడ్, 2027 మే లోపు ప్రయోగించాలని నాసా గడువు పెట్టుకున్న రోమన్ దూరదర్శిని ఈ విషయాన్నే పరిశీలించడానికి రూపొందాయి.

చక్రీయ విశ్వ సిద్ధాంతానికి పరీక్ష వేరొక చోట ఉంది. పాల్ స్టైన్‌హార్ట్, నీల్ ట్యురాక్ 2001-02లలో ప్రతిపాదించిన ఈ సిద్ధాంతం ప్రకారం ఆదిమ గురుత్వ తరంగాల జాడ నేపథ్య వికిరణంలో కనిపించకూడదు. అవి దొరికితే సిద్ధాంతం వీగిపోతుంది. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం నుండి బైసెప్ 2 బృందం దొరికాయని ప్రకటించింది కాని, అది మన గెలాక్సీలోని ధూళి ప్రభావమని ఏడాది తిరగకముందే తేలింది. ఈ జాడ కోసమే జపాను లైట్‌బర్డ్ ఉపగ్రహాన్ని 2019లో ఎంపిక చేసింది. ఇటువంటిదే ఒక ఉపగ్రహాన్ని భారతదేశం పంపాలని మన దేశపు విశ్వశాస్త్రజ్ఞులు ఇస్రోకు ప్రతిపాదించారు.

మాండ్ సిద్ధాంతపు పరీక్ష ఇప్పుడు గైయా ఉపగ్రహం సేకరించిన సమాచారం మీదికి మళ్ళింది. 2013 డిసెంబరులో బయలుదేరి 2025 జనవరి వరకు నక్షత్రాల స్థానాలను, వేగాలను కొలిచిన ఈ ఉపగ్రహం ఒకదానికొకటి బహుదూరంగా తిరిగే జంట నక్షత్రాలను వేల సంఖ్యలో చూపించింది. వాటి మధ్య ఆకర్షణ మిల్‌గ్రోమ్ చెప్పిన హద్దు కంటే తక్కువ. 2023లో క్యు-హ్యున్ చే ఈ జంటలలో న్యూటన్ నియమం తప్పుతున్నదని ప్రకటించగా, ఇంద్రనీల్ బానిక్ తదితరులు అదే ఉపగ్రహం సమాచారంతో తప్పడం లేదని తేల్చారు. జంటలలో కంటికి దొరకని మూడవ నక్షత్రం ఉన్నవాటిని ఎలా ఏరివేయాలన్న దగ్గర ఇరుపక్షాల లెక్కలు వేరుపడుతున్నాయి.